మా విల్లాల రోడ్ల రుసుము: నెలకు 150 నుంచి 1,250 దాకా

హైదరాబాద్‌కు పడమటి వైపు, అవుటర్ రింగ్ రోడ్డు దాటిన తరువాత వచ్చే ఒక గేటెడ్ కమ్యూనిటీలో మేము 2018 ఏప్రిల్ నుంచి ఉంటున్నాం. మొత్తం 180 విల్లాలు. గేటు నుంచి వెనుక ప్రహరీ దాకా వీధులన్నీ కలిపితే 2.4 కిలోమీటర్ల తారు రోడ్డు, సగటున ఏడు మీటర్ల వెడల్పు. క్లబ్ హౌస్ గురించీ ఈత కొలను గురించీ రాసేవాళ్లు చాలామందే ఉన్నారు కనుక వాటి జోలికి పోను. ఈ సమీక్ష రోడ్ల నిర్వహణ గురించి, అందుకోసం మా దగ్గర వసూలు చేస్తున్న రుసుము గురించి, ఆ పని చూస్తున్న నిర్వహణ ఏజెన్సీ గురించి మాత్రమే. బిల్డర్ పేరు, ఏజెన్సీ పేరు రాయడం లేదు. ఇలాంటి ఏర్పాటు ఉన్న మరోచోట ఇల్లు కొనబోయేవారికి లెక్కలు పనికొస్తాయి గానీ పేర్లతో పనిలేదు. ఐదు నక్షత్రాలకు రెండున్నర ఇస్తున్నాను. మిగతా రెండున్నర కోసింది రుసుము పెంచినందుకు కాదు. ఆ సంగతి ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే మా వాట్సాప్ గ్రూపులో సగం మంది కోపం పెంపు మీదే ఉంది.

అసలు మన రోడ్డుకు మనమే ఎందుకు డబ్బు కట్టాలి అనే ప్రశ్న ప్రతి సర్వసభ్య సమావేశంలోనూ ఎవరో ఒకరు లేవనెత్తుతారు. ఆస్తిపన్ను అందరిలాగే కడుతున్నాం కదా అని వారి వాదన. మామూలు లేఔట్‌లో అయితే రోడ్లు, పార్కు స్థలం గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థ పేరుకు వెళ్తాయి, ఆ తరువాత వాటి బాగోగులు మున్సిపాలిటీవి. గేటు పెట్టి, బయటివారిని ఆపి, లోపలి వీధులను ఉమ్మడి ఆస్తిగా ఉంచుకున్నాక ఆ వీధుల ఖర్చు కూడా ఉమ్మడిదే అవుతుంది. గేటు కావాలి, మున్సిపాలిటీ తారు కూడా కావాలి అంటే కుదరదు. ఈ విషయంలో నేను కమిటీ పక్షమే.

రుసుము చరిత్ర చూస్తే, 2018 ఏప్రిల్‌లో ఇల్లొక్కింటికి రోడ్ల పద్దు కింద నెలకు 150 రూపాయలు ఉండేది. 2021లో 250 అయింది, 2023లో 400 అయింది, 2024 ఏప్రిల్ నుంచి 1,250 చేశారు. ఒక్క ఏడాదిలో మూడు రెట్లకు పైగా పెరిగిందని గగ్గోలు పుట్టడంలో ఆశ్చర్యం లేదు. అయితే కాగితం, కాలిక్యులేటర్ పెట్టుకుని కూర్చుంటే తప్పు చివరి అంకెలో లేదని, మొదటి అంకెలోనే ఉందని తేలింది. మా రోడ్ల విస్తీర్ణం 16,800 చదరపు మీటర్లు. పాత పొర గీకేసి, కొత్తగా 40 మిల్లీమీటర్ల తారు పొర వేయడానికి పన్నులతో సహా చదరపు మీటరుకు 500 రూపాయల చొప్పున కొటేషన్ వచ్చింది. అంటే మొత్తం 84 లక్షలు. దాన్ని 180 ఇళ్లకు పంచి, పొర ఏడేళ్లు నిలుస్తుందనుకుని 84 నెలలకు విభజిస్తే నెలకు దాదాపు 556 రూపాయలు వస్తుంది. అంటే ఇళ్లలోకి వచ్చిన మొదటి నెల నుంచే 550 పైన కట్టి ఉండాల్సింది. 150 అనే అంకె ఏ లెక్కలోంచీ వచ్చినది కాదు. ఇళ్లు అమ్మే రోజుల్లో నెలవారీ ఖర్చు తక్కువగా కనిపించడం కోసం బిల్డర్ పెట్టిన అంకె అది. తరువాత వచ్చిన కమిటీలు ఓట్లు పోతాయని దాన్ని ముట్టుకోలేదు. ఆరేళ్లలో 29 లక్షల 16 వేలు వసూలైతే, 2024 మార్చి నాటికి రోడ్ల పద్దులో మిగిలింది 11 లక్షలు. తక్కిన 18 లక్షలు అతుకులకు పోయాయి.

ఆ అతుకుల్లో ఒకదాన్ని దగ్గరగా చూడాలి. మా పార్కు మలుపు దగ్గర వరద కాలువ మూత ఒకటి రోడ్డు కంటే రెండంగుళాలు ఎత్తులో ఉంటుంది. వాన పడితే నీరు కాలువలోకి దిగాలి గానీ, మూత ఎత్తుగా ఉండటంతో దాని చుట్టూ మడుగు కట్టి నిలుస్తుంది. తారుకు ఎండ కంటే నీరే పెద్ద శత్రువు. నిలిచిన నీరు కంకరకూ తారుకూ మధ్య పట్టును వదులు చేస్తుంది, ఆపైన చక్రం పడిన ప్రతిసారీ నాలుగు రాళ్లు లేచిపోతాయి. ఏజెన్సీ మనుషులు వచ్చి, గుంతలో నీళ్లు చీపురుతో తోసేసి, సంచిలోని కోల్డ్ మిక్స్, అంటే వేడి చేయకుండానే వాడే తారు మిశ్రమం, కుమ్మరించి, పారతో కొట్టి, పైన ఒక ఇటుక పెట్టి వెళ్తారు. ఆ ఇటుక ఉన్నన్నాళ్లు అతుకు ఉంటుంది. ఆ ఒక్క గుంతను నా కళ్లముందే ఆరుసార్లు పూడ్చారు, మూతను మాత్రం ఒక్కసారీ దించలేదు. ఫిర్యాదు చేస్తే రెండు రోజుల్లో మనిషి వస్తాడు, ఆ విషయంలో ఏజెన్సీని తప్పుపట్టలేను. యాప్‌లో ఫిర్యాదు మూసేసినట్టు పచ్చ గుర్తు కూడా వస్తుంది. గుంత మాత్రం మూసుకోదు.

2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌ను ముంచెత్తిన వాన చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ వారం మా వెనుక వీధిలో మోకాటి లోతు నీరు రెండు రోజులు నిలిచింది. నీరు తీశాక చూస్తే దాదాపు వంద మీటర్ల మేర పై పొర చెక్కలుగా లేచిపోయి ఉంది, పక్కనున్న కాలువ వాలు గేటు వైపు కాకుండా గోడ వైపు ఉందని కూడా అప్పుడే బయటపడింది. ఇక్కడ మేము చేసిన పెద్ద పొరపాటు చెప్పాలి. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అంటే రెరా, ఇల్లు స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో గానీ, పనితనంలో గానీ, కల్పించిన సౌకర్యాల నాణ్యతలో గానీ లోపం బయటపడి బిల్డర్ దృష్టికి తెస్తే, అదనంగా పైసా తీసుకోకుండా 30 రోజుల్లో సరిచేయాలని చెబుతోంది. ఆ చట్టం లోపలి అభివృద్ధి పనులను నిర్వచించిన చోట రోడ్లు, కాలువలు స్పష్టంగా ఉన్నాయి. మాకు తాళాలిచ్చి అప్పటికి మూడేళ్లు కూడా కాలేదు. నాలుగు ఫోటోలు జతచేసి బిల్డర్‌కు ఒక్క రాతపూర్వక ఉత్తరం పెట్టి ఉంటే, స్పందించకపోతే రెరాకు ఫిర్యాదు చేసే దారి ఉండేది. మా కమిటీ మాత్రం పని తొందరగా అవుతుందని రోడ్ల పద్దులోంచే ఆరు లక్షలు తీసి ఆ వీధి బాగుచేయించింది, వాలు సరిచేయకుండానే. ఆ ఏడాది కమిటీలో నేనూ సభ్యుడినే. తీర్మానం మీద నా సంతకం కూడా ఉంది.

2024 వేసవి వచ్చేసరికి బోర్లు ఎండిపోయి, ఊరంతా ట్యాంకర్ల కోసం ఎదురుచూసినట్టే మేమూ చూశాం. రోజుకు పది పన్నెండు ట్యాంకర్లు లోపలికి వచ్చేవి. పదివేల లీటర్ల ట్యాంకర్ అంటే నీరే పది టన్నులు, దాని మీద బండి బరువు. రోడ్ల ఇంజనీర్లు వాడే ఒక మోటు లెక్క ఉంది: ఇరుసు మీద బరువు రెట్టింపయితే రోడ్డుకు కలిగే నష్టం రెట్టింపు కాదు, సుమారు పదహారు రెట్లు అవుతుంది. 1950ల చివర అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటి మీద లారీలు తిప్పి చేసిన పరీక్షల నుంచి వచ్చిన లెక్క ఇది. ఈ లెక్కన మా కార్లన్నీ ఏడాదంతా తిరిగినా రోడ్డుకు జరిగే అరుగుదల కంటే, ఒక వేసవి ట్యాంకర్లు, ఇల్లు మార్పులు చేయించుకునేవారి ఇసుక టిప్పర్లు, రెడీమిక్స్ బండ్లు చేసేది ఎక్కువ. ఉమ్మడి నీటికి వచ్చే ట్యాంకర్ల భారం అందరూ మోయవలసిందే. కానీ ఒక ఇంటివారు పై అంతస్తు పడగొట్టి కట్టుకుంటూ ఆరునెలల పాటు టిప్పర్లు తిప్పితే, వారి దగ్గరా, ఊళ్లో లేని వృద్ధ దంపతుల దగ్గరా అదే 1,250 తీసుకోవడం నాకు న్యాయంగా తోచలేదు. నిర్మాణ సామగ్రి బండ్లకు గేటు దగ్గర ప్రత్యేక రుసుము పెట్టమని రెండుసార్లు అడిగాను. ఏజెన్సీ వారు పరిశీలిస్తామన్నారు, ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు.

పెంపు అమలైన మొదటి నెలలో బిల్లు చూసి చాలామంది ఉలిక్కిపడింది రోడ్డు రుసుము చూసి కాదు, కింద జీఎస్టీ గడి చూసి. నివాసుల సంఘం తన సభ్యుల నుంచి వసూలు చేసే నిర్వహణ రుసుము నెలకు 7,500 రూపాయలు దాటకపోతే జీఎస్టీ మినహాయింపు ఉంటుంది. మా మామూలు మెయింటెనెన్స్ 6,700, దానికి రోడ్డు 400 కలిపితే 7,100. గీతకు ఇవతలే ఉన్నాం. 1,250 కాగానే మొత్తం 7,950కి చేరింది, గీత దాటింది. 2019 జూలైలో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం అయితే గీత దాటితే మొత్తం మీదా 18 శాతం పడుతుంది, అంటే 1,431 రూపాయలు. 2021 జూలైలో మద్రాస్ హైకోర్టు 7,500కు పైన ఉన్న భాగం మీదే పన్ను వేయాలని తీర్పు ఇచ్చింది. ఆ లెక్కన 450 రూపాయల మీద 81 మాత్రమే. మా ఆడిటర్ జాగ్రత్త కోసమని మొదటి పద్ధతే పాటించాడు. దీంతో 850 రూపాయల పెంపు కాస్తా మా జేబులో 2,281 రూపాయల పెంపు అయింది. రోడ్డు కోసం కట్టేదానికంటే, రోడ్డు వల్ల కట్టే పన్ను ఎక్కువ. సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెట్టే ముందు ఈ ఒక్క లెక్క ఎవరైనా పలకమీద రాసి చూపించి ఉంటే, రుసుమును రెండేళ్ల ముందు నుంచే మెల్లగా పెంచుకుంటూ గీతకు లోపల ఉండేవాళ్లం. ఏజెన్సీకి నెలకు నెల జీతం ఇస్తున్నది ఇలాంటివి ముందుగా చెప్పడానికే అని నా అభిప్రాయం.

ఇక పని సంగతి. మూడేళ్లలో మూడు విడతలుగా చేయాలని నిర్ణయించి, 2024 డిసెంబర్‌లో మొదటి విడత కింద గేటు నుంచి పార్కు దాకా 800 మీటర్లు, అంటే 5,600 చదరపు మీటర్లు, 28 లక్షలకు అప్పగించారు. కొన్ని మంచి మాటలు మనస్ఫూర్తిగా చెప్పాలి. వానాకాలం పోయి రోడ్డు ఆరిన తరువాతే పని మొదలుపెట్టారు. పాత పొరను యంత్రంతో గీకి తీసేశారు. చాలాచోట్ల ఇది చేయకుండా పొర మీద పొర వేసుకుంటూ పోయి, చివరికి రోడ్డు ఇళ్ల ముంగిళ్ల కంటే ఎత్తయి, వాననీరు నేరుగా కార్ పార్కింగ్‌లోకి వచ్చేలా చేస్తారు. కొత్త పొర కిందిదానికి అంటుకునేలా ట్యాక్ కోట్ అనే పలుచని తారు చల్లడం, బడికి వెళ్లే పిల్లల బస్సుల వేళలు తప్పించి పని చేయడం, ఏ వీధి ఏ రోజు మూస్తారో ముందురోజే తెలియజేయడం అన్నీ పద్ధతిగా జరిగాయి. కొత్త రోడ్డు మీద నడుస్తుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

మా పక్క వరుసలో రోడ్లు, భవనాల శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఆయన రోడ్డును చూడలేదు; నేరుగా గేటు దగ్గరికి వెళ్లి సెక్యూరిటీ వారి రిజిస్టర్ అడిగారు. లోపలికి వచ్చే ప్రతి బండి నంబరు, వేళ అందులో రాస్తారు కదా. ఆయన లెక్క ఇది: 5,600 చదరపు మీటర్ల మీద 40 మిల్లీమీటర్ల మందం అంటే 224 ఘనపు మీటర్లు. అణిగిన తారు మిశ్రమం ఘనపు మీటరు 2.4 టన్నులు తూగుతుందనుకుంటే 538 టన్నులు. టిప్పరుకు 16 టన్నుల చొప్పున 34 టిప్పర్లు రావాలి. పని జరిగిన నాలుగు రోజుల్లో మిశ్రమంతో వచ్చిన టిప్పర్లు రిజిస్టర్‌లో 23 ఉన్నాయి. ఆ 23 టిప్పర్లు మోసుకొచ్చే సరుకును మా రోడ్డంతా పరిస్తే వచ్చే మందం 27 మిల్లీమీటర్లు.

తరువాతి ఆదివారం ఏజెన్సీ మేనేజర్, కాంట్రాక్టర్ తరఫు సూపర్‌వైజర్, మేము ఓ పదిమందిమి ఉండగా నాలుగు చోట్ల కోర్ కటింగ్ చేయించారు. గుండ్రని యంత్రం రోడ్డులోకి దిగి, అరచేతిలో పట్టేంత నల్లని బిళ్లను బయటికి తీస్తుంది. పెద్దాయన ఒక్కోదాన్ని తుడిచి, కొత్త పొర ఎక్కడ ముగిసిందో గోటితో గీసి, స్టీలు స్కేలు ఆనించారు. మూడు చోట్ల 26, 29, 27 వచ్చాయి. నాలుగోది గేటు ముందు, సరిగ్గా కమిటీ ఆఫీసు కిటికీకి ఎదురుగా. అక్కడ 38 ఉంది. సూపర్‌వైజర్ కుర్రాడు, "వేసినప్పుడు నలభై ఉండె సార్, రోలర్ తొక్కినాక తగ్గుతది" అన్నాడు. పెద్దాయన స్కేలు జేబులో పెట్టుకుంటూ, "తొక్కినాక కొలిచేదే మందం నాయనా. తొక్కకముందు కొలిస్తే దాన్ని కుప్ప అంటారు" అన్నారు. ఆ మాట ఆయన కోపంగా అనలేదు. ఎస్టిమేట్‌లో రాసుకునే మందం ఎప్పుడైనా రోలింగ్ పూర్తయ్యాక ఉండవలసినదేనని, అందుకే రోలింగ్‌కు ముందు వదులుగా ఎంత మందం పరచాలో కాంట్రాక్టర్ ముందే లెక్కేసుకుంటాడని ఆ కుర్రాడికి తీరికగా వివరించారు.

నేను రెండున్నర నక్షత్రాలు కోసింది ఇక్కడే. ఏజెన్సీ ఈ పనికి పర్యవేక్షణ రుసుముగా 8 శాతం, అంటే 2 లక్షల 24 వేలు తీసుకుంటోంది. దానికి బదులుగా మాకు ఇచ్చింది ముప్పై రెండు ఫోటోలున్న ఒక నివేదిక. అందులో ఎక్కడా ఒక కొలత లేదు. ప్రభుత్వ రోడ్డు పనిలో ఎంత అవినీతి ఉందని మనం అనుకున్నా, అక్కడ ఎం-బుక్ అనే కొలతల పుస్తకం ఒకటి ఉంటుంది. పొడవు, వెడల్పు, మందం అందులో ఎక్కి, ఇంజనీర్ సంతకం పడితే తప్ప బిల్లు కదలకూడదు. ఆ పుస్తకంలో అబద్ధం రాయవచ్చు, కానీ రాసినవాడి సంతకం ఉంటుంది కనుక తరువాత ఎవరైనా నిలదీయవచ్చు. మా దగ్గర అబద్ధం రాయాల్సిన అవసరం కూడా లేకపోయింది, ఎందుకంటే రాయవలసిన పుస్తకమే లేదు. ఏజెన్సీ కుమ్మక్కయిందని నేను అనడం లేదు, అనడానికి నా దగ్గర ఆధారం లేదు. టిప్పర్లను లెక్కపెట్టే పని వారి మనిషి చేయలేదు, మా సెక్యూరిటీ గార్డు తెలియకుండానే చేశాడు. పైగా పర్యవేక్షణ రుసుము కాంట్రాక్ట్ విలువ మీద శాతంగా ఉన్నంతకాలం బిల్లు తగ్గితే వారి వాటా కూడా తగ్గుతుంది. ఆ ఏర్పాటుకు ఒప్పుకున్నది మాత్రం మేమే.

కాలిఫోర్నియాలో సొంత రోడ్లున్న కాలనీలో ఉండే మా బావమరిదికి ఈ కథ చెబితే, వాళ్ల సంఘం రోడ్ల పైపొర ఎప్పుడు మార్చాలో, అప్పటికి ఎంత కూడాలో రాసి ఉన్న పత్రం పంపించాడు. అక్కడ ఉమ్మడి ఆస్తుల స్థితిని కనీసం మూడేళ్లకోసారి పరిశీలించి, నిధి సరిపోతుందో లేదో తేల్చాలని రాష్ట్ర చట్టంలోనే ఉందట. అంత దూరం పోనక్కరలేదు. మహారాష్ట్రలో సహకార గృహ సంఘాల నమూనా ఉపవిధుల్లో, నిర్మాణ వ్యయంలో ఏడాదికి కనీసం 0.25 శాతం చొప్పున సింకింగ్ ఫండ్‌కు, అంటే ముందుముందు వచ్చే పెద్ద మరమ్మతుల నిధికి, పక్కన పెట్టాలన్న నియమం ఉంది. మా సంఘం ఉపవిధుల్లో కార్పస్ ఫండ్ గురించి ఒక పేరా ఉంది గానీ రోడ్డు అనే మాట లేదు.

గొడవ తరువాత జరిగిన మార్పులు కొన్ని. కాంట్రాక్టర్‌కు 70 శాతం, అంటే 19 లక్షల 60 వేలు అప్పటికే ముట్టింది. మిగిలిన 8 లక్షల 40 వేలు ఆపాం. తక్కువ పడిన సరుకు విలువ కూడా దాదాపు అంతే కనుక, ఆ డబ్బు వదులుకుని లెక్క ముగించమని కమిటీ అడుగుతోంది, ఆయన ఒప్పుకోవడం లేదు. రెండో విడతకు రాసిన పని ఉత్తర్వులో ప్రతి టిప్పరుకూ బరువు తూచిన వేబ్రిడ్జి చీటీ గేటు దగ్గర ఇవ్వాలని, కోర్ కటింగ్ చోట్లు నివాసులు ఎంచాలని, కాలువ మూతలను కొత్త మట్టానికి సరిచేయడం కూడా అదే పనిలో భాగమని చేర్చారు. రోడ్ల డబ్బును వేరే బ్యాంకు ఖాతాలోకి మార్చారు. నెలవారీ బిల్లులో మాత్రం రోడ్లు అని ఒకే గడి, 1,250 అని ఒకే అంకె. ఇందులో ఎంత నిధికి, ఎంత అతుకులకు, ఎంత ఏజెన్సీకి అని విడదీసి చూపమని రాసిన మూడో ఈమెయిల్‌కు కూడా మీ సూచనను నమోదు చేసుకున్నామనే జవాబు వచ్చింది.

ఇదంతా అయ్యాక పోయిన నెలలో ఏజెన్సీ నుంచి కమిటీకి ఒక ఉత్తరం అందింది. వేబ్రిడ్జి చీటీలు సరిచూడటం, కొలతలు నమోదు చేయడం ఒప్పందంలో లేని అదనపు పని కనుక పర్యవేక్షణ రుసుమును 8 నుంచి 10 శాతానికి పెంచాలని అందులో కోరారు. దాన్ని వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో చేర్చారు. పార్కు మలుపు మూత ఇంకా రెండంగుళాలు ఎత్తులోనే ఉంది, మొన్నటి వానకు దాని చుట్టూ వేసిన కొత్త తారు అంచులు లేచాయి. ఫిర్యాదు చేస్తే రెండో రోజే మనిషి వచ్చి ఇటుక పెట్టి వెళ్లాడు.